హనీమూన్‌కి స్విట్జర్లాండ్, అంతా రైల్లోనే: పాస్ మాత్రం చివర్లో కొనండి

ఈ ఎపిసోడ్ కొత్తగా పెళ్లయినవాళ్ల కోసం, పెళ్లి కుదిరి ముహూర్తం కోసం ఎదురుచూస్తున్నవాళ్ల కోసం. హనీమూన్‌కి స్విట్జర్లాండ్ వెళ్దాం, కారు వద్దు, ప్యాకేజీ టూర్ బస్సు వద్దు, మేమిద్దరమే రైళ్లలో తిరుగుతాం అని చాలామంది అడుగుతున్నారు. మంచి ఆలోచనే. ఆ దేశంలో రైలు వెళ్లని చోటికి బస్సు వెళ్తుంది, బస్సు వెళ్లని చోటికి రోప్‌వే వెళ్తుంది, అన్నీ ఒకదానికొకటి టైమ్ కలిపి నడుస్తాయి. కానీ అడిగేవాళ్లలో తొంభై శాతం మంది మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ పాస్ కొనమంటావ్?" నేనేమంటానంటే, పాస్ అనేది ఆఖరి ప్రశ్న. దానికి ముందు తేల్చుకోవాల్సినవి మూడు నాలుగు ఉన్నాయి. అవి తేలితే పాస్ లెక్క పది నిమిషాల పని. అవి తేలకుండా పాస్ కొంటే, "డబ్బులు కట్టాం కదా" అని రోజూ పొద్దున్నుంచి రాత్రిదాకా రైళ్లెక్కుతూనే ఉంటారు.

ముందు ఒక తేడా బుర్రలోకి ఎక్కించుకోవాలి. మనకి టికెట్ అంటే సీటు. విజయవాడ నుంచి తిరుపతి వెళ్లాలంటే రెండు నెలల ముందే బుక్ చేస్తాం, వెయిటింగ్ లిస్ట్ చూస్తాం, చార్ట్ ఎప్పుడొస్తుందా అని పీఎన్ఆర్ కొడుతూ కూర్చుంటాం. స్విట్జర్లాండ్ లోపల తిరిగే మామూలు రైళ్లలో ఇవేవీ లేవు. టికెట్ అంటే ఆ దారిలో ఆ రోజు ప్రయాణం చేసే హక్కు, అంతే. మామూలు టికెట్ మీద సీటు నంబరు ఉండదు, రైలు నంబరు ఉండదు. 9 గంటల రైలు తప్పిపోతే 9:30 దో 10 గంటలదో ఎక్కుతారు, అదే టికెట్. కాబట్టి "ముందే బుక్ చేయకపోతే దొరకదేమో" అన్న మన భయం అక్కడ చాలావరకు అనవసరం. ఆ భయంతోనే మనవాళ్లు ఆరు నెలల ముందు అన్నీ కొనేస్తారు, తర్వాత ప్లాన్ మారితే చేతులు కాల్చుకుంటారు.

సీటు తప్పనిసరిగా రిజర్వ్ చేసుకోవాల్సినవి కొన్నే: గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నినా ఎక్స్‌ప్రెస్ లాంటి పెద్ద పెద్ద అద్దాల రైళ్లు, దేశం దాటి ప్యారిస్ వైపు, మిలాన్ వైపు వెళ్లే రైళ్లు. పాస్ ఉన్నా సరే వీటికి రిజర్వేషన్ డబ్బు విడిగా కట్టాలి. పాస్ ఉందని నేరుగా ఎక్కేస్తాం అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మా పిన్ని కొడుక్కి పెళ్లయింది. వాడు ఒక ఎక్సెల్ షీట్ చేసి పట్టుకొచ్చాడు, "అన్నా, ఒకసారి చూడు" అని. ఏడు రాత్రులు, ఐదు ఊళ్లు. జ్యూరిక్, లూసర్న్, ఇంటర్‌లాకెన్, జెర్మాట్, సెయింట్ మోరిట్జ్. రంగులేసి మరీ చేశాడు, నిమిషాలతో సహా. వాడు చెప్తూ పోతున్నాడు, నేను వింటున్నా. పక్కన ఆ అమ్మాయి అంతసేపూ ఏమీ అనలేదు. చివర్లో మెల్లగా, "బావగారూ, ఇందులో మేమిద్దరం ఒకచోట కూర్చుని కాఫీ తాగే టైమ్ ఎక్కడుందో కాస్త చూపించండి" అంది. వాడు షీట్ కిందికీ పైకీ జరిపాడు. ఎక్కడా లేదు.

ఆ షీట్‌లో లోపం ఏ ఒక్క రైల్లోనూ లేదు. అన్నీ సరైన రైళ్లే. కానీ ఊరు మారిన ప్రతిసారీ ఏమవుతుంది? పొద్దున్నే పెట్టె సర్దాలి, పదింటికో పదకొండింటికో రూమ్ ఖాళీ చేయాలి, కొత్త ఊళ్లో సాధారణంగా మధ్యాహ్నం రెండు మూడయ్యేదాకా రూమ్ ఇవ్వరు. మధ్యలో సామాను లాకర్‌లో పెట్టాలి, మళ్లీ తీసుకోవాలి. ప్రయాణం రెండు గంటలే అయినా రోజులో సగం పోతుంది. ఐదు ఊళ్లంటే నాలుగుసార్లు ఇదే తంతు. పెళ్లి పనులు, రిసెప్షన్, సత్యనారాయణ వ్రతం, బంధువుల ఇళ్లలో భోజనాలు, ఇవన్నీ అయ్యి అలసిపోయి విమానం ఎక్కినవాళ్లకి అది హనీమూన్ కాదండీ, ఎలక్షన్ డ్యూటీ.

అందుకే నేను చెప్పేది రెండే మకాంలు. ఏడెనిమిది రాత్రులుంటే లూసర్న్‌లో మూడు, ఇంటర్‌లాకెన్ చుట్టుపక్కల నాలుగు. ఎందుకు ఈ రెండే? జ్యూరిక్ విమానాశ్రయం కిందనే రైల్వే స్టేషన్ ఉంది. అక్కడి నుంచి లూసర్న్‌కి నేరుగా రైలు, గంటా పది నిమిషాలు అటూ ఇటూ. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో రాత్రంతా ఎగిరి వచ్చినవాళ్లకి మొదటిరోజు అంతకంటే ఎక్కువ ప్రయాణం పెట్టకూడదు. లూసర్న్‌లో స్టేషన్ బయటికి అడుగుపెడితే ఎదురుగా సరస్సు, పడవలు. అక్కడి నుంచి పొద్దున పడవలో విట్స్‌నౌ అనే ఊరికి వెళ్లి, పళ్ల చక్రం రైల్లో రిగి కొండెక్కొచ్చు. 1871లో మొదలైన లైను అది, యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు. సాయంత్రానికి తిరిగి వచ్చేస్తారు, పెట్టె కదపక్కర్లేదు.

ఇంటర్‌లాకెన్ వైపు కూడా అంతే. అక్కడ రూమ్ తీసుకుంటే లౌటర్‌బ్రున్నెన్ లోయ, గ్రిండెల్‌వాల్డ్, వెంగెన్, మూరెన్, రెండు సరస్సుల మీద పడవలు, అన్నీ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవే. మన సినిమావాళ్లకీ ఆ ఊరంటే ఎంత ప్రేమంటే, 2016లో అక్కడ యశ్ చోప్రా విగ్రహం కూడా పెట్టారు.

"మరి గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కకపోతే ఎలా అన్నా?" అంటారు. ఒప్పుకుంటా, రీల్స్ చూస్తే ఎవరికైనా ఎక్కాలనిపిస్తుంది. 291 వంతెనలు, 91 సొరంగాలు. కానీ లెక్క చూడండి. ఆ రైలు జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కి. దాదాపు ఎనిమిది గంటలు. అది ఎక్కాలంటే ముందురోజు ఇంటర్‌లాకెన్ నుంచి జెర్మాట్ చేరాలి, రెండుంపావు గంటలు. మర్నాడు ఎనిమిది గంటలు కూర్చోవాలి. ఆ మర్నాడు సెయింట్ మోరిట్జ్ నుంచి జ్యూరిక్ రావాలంటే మూడు గంటల పైనే. ఒక్క రైలు కోసం మూడు రోజులు ముడిపడిపోయాయి. పది పన్నెండు రాత్రులు ఉంటే చేయండి, హాయిగా చేయండి. ఏడు రాత్రుల్లో మాత్రం దాన్ని ఇరికించొద్దు. ఇంకో మాట, అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య దాకా అది నడవదు. కార్తీకమాసం ముహూర్తాలవాళ్లకి ఆ బాధే లేదు.

దానికి బదులు మీ దారిలోనే ఉన్న అందాలు చూడండి. లూసర్న్ నుంచి ఇంటర్‌లాకెన్ వెళ్లే రైలే ఒక సినిమా. బ్రూనిగ్ కనుమ మీదుగా ఎక్కి దిగుతుంది, రెండు గంటలలోపు. రిజర్వేషన్ తప్పనిసరి కాదు. లూసర్న్‌లో ఎక్కేటప్పుడు కుడివైపు కూర్చోండి, సరస్సులు అటే వస్తాయి. ఇంకా కావాలంటే ఒకరోజు ఇంటర్‌లాకెన్ నుంచి మాంట్రో దాకా గోల్డెన్‌పాస్ ఎక్స్‌ప్రెస్. 2022 డిసెంబర్‌కి ముందు జ్వైజిమ్మెన్‌లో దిగి రైలు మారాల్సి వచ్చేది, ఎందుకంటే అక్కడ పట్టాల వెడల్పు మారుతుంది. ఇప్పుడు రైలే తన చక్రాల మధ్య దూరం సర్దుకుని నేరుగా వెళ్తుంది. 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే'లో స్విస్ సీన్లు తీసిన గ్‌స్టాడ్, సానెన్ ఈ లైను మీదవే. ఆ రైల్లో సీటు దొరకలేదా, అదే పట్టాల మీద మామూలు రైళ్లూ తిరుగుతాయి. కొండలు అవే, సరస్సు అదే. అద్దాల రైళ్ల సంగతి నాకెప్పుడూ ఒకటే అనిపిస్తుంది: కిటికీ తెరుచుకోదు, ఫొటో తీస్తే మీ మొహమే అద్దంలో పడుతుంది. బెర్నినా లైను మీద కూడా అంతే, అక్కడి మామూలు రైళ్లలో కొన్ని పెట్టెల కిటికీలు కిందికి దిగుతాయి. నేనైతే ఆ కిటికీకే ఓటేస్తా.

సరే, ఊళ్లు తేలాయి, రోజులు తేలాయి. ఇప్పుడు పాస్.

స్విస్ ట్రావెల్ పాస్ అంటే మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, పదిహేను రోజులకి ఒకే ధర కట్టి రైళ్లు, బస్సులు, పడవలు, ఊళ్లో ట్రాములు అన్నీ తిరగడం. స్విస్ హాఫ్ ఫేర్ కార్డ్ అంటే నెలరోజుల పాటు దాదాపు అన్ని టికెట్లూ సగం ధరకి. 2024లో ఆరు రోజుల పాస్ సెకండ్ క్లాస్ 379 ఫ్రాంకులు, హాఫ్ ఫేర్ కార్డ్ 120 ఫ్రాంకులు, మనిషికి. ధరలు మారుతుంటాయి, మీరు చూసే రోజు ఉన్న ధర పెట్టి ఇదే లెక్క వేయండి.

లెక్క ఇది. ఎస్‌బీబీ యాప్ ఓపెన్ చేసి, మీ ప్లాన్‌లో ఉన్న ప్రయాణాలన్నిటికీ పూర్తి ఛార్జీ ఎంతో చూసి కూడండి. హాఫ్ ఫేర్‌తో అయ్యే ఖర్చు: 120 ప్లస్ ఆ మొత్తంలో సగం. అది 379 కంటే తక్కువ ఉందా, హాఫ్ ఫేర్ కొనండి. అంటే మీ మొత్తం పూర్తి ఛార్జీ 518 ఫ్రాంకులు దాటితేనే ఆరు రోజుల పాస్ గిట్టుబాటు. రోజూ ఊరూరూ తిరిగేవాళ్లకి దాటుతుంది. రెండు మకాంలలో నింపాదిగా ఉండేవాళ్లు మాత్రం కూడి చూసుకోవాల్సిందే.

ఇక్కడొక మెలిక ఉంది. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్, మనవాళ్లు జంగ్‌ఫ్రావ్ అంటారు, 'టాప్ ఆఫ్ యూరప్' అని బోర్డు ఉంటుంది. 3,454 మీటర్ల ఎత్తులో స్టేషన్, 1912 నుంచి నడుస్తున్న లైను. పాస్ ఉంటే అక్కడిదాకా ఫ్రీ అనుకుంటారు. కాదు. పాస్ గ్రిండెల్‌వాల్డ్, వెంగెన్ దాకానే పూర్తిగా పనిచేస్తుంది. ఆ పైన పాస్‌వాళ్లకి 25 శాతమే తగ్గింపు, హాఫ్ ఫేర్‌వాళ్లకి 50 శాతం! లెక్క సులువుగా ఉండడానికి ఆ పైభాగం టికెట్ 200 ఫ్రాంకులు అనుకోండి. హాఫ్ ఫేర్‌తో 100, పాస్‌తో 150. ఇద్దరికి వంద ఫ్రాంకుల తేడా ఒక్క కొండ మీదే. అదే రిగి కొండైతే పాస్‌లో పూర్తిగా కలిసే ఉంది. అంటే ఏ కొండ ఎక్కుతారో తేలకుండా ఏ పాస్ కొనాలో తేలదు. ఇద్దరిలో ఎవరికైనా ఇంకా 25 నిండకపోతే యూత్ పాస్ 30 శాతం తక్కువకి వస్తుంది, లెక్కలో అదీ పెట్టుకోండి.

ఇంకో చిన్న మాట, యుంగ్‌ఫ్రావ్ టికెట్ పొద్దున లైవ్ కెమెరా చూసి కొనండి. పైన మబ్బు ఉంటే అంత డబ్బు పెట్టి తెల్లటి గోడ చూసి రావడమే. అందుకే ఇంటర్‌లాకెన్‌లో నాలుగు రాత్రులు అన్నా. ఒకరోజు మబ్బు పడితే ఇంకోరోజు ఉంటుంది.

తర్వాత వీసా, ఎందుకంటే ఏది ముందు కొనాలి ఏది తర్వాత అన్నది దీని మీదే ఆధారపడి ఉంది. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. ఆఖరిదాకా ఆగకండి. మనకి ముహూర్తం కుదిరేదే రెండు మూడు నెలల ముందు. పైగా ఆషాఢం సంగతి తెలుసుగా, అమ్మాయి పుట్టింట్లో ఉండాలంటారు, సరిగ్గా అప్పుడే స్విట్జర్లాండ్‌లో వేసవి, రాత్రి తొమ్మిదిదాకా వెలుతురు. ఇంట్లో ఒప్పించుకోవడం మీ పని, నేను అందులోకి రాను. కానీ ఆ నెలల్లో వీసా రద్దీ ఎక్కువ ఉంటుంది, అది మాత్రం చెప్తా.

రద్దు చేసుకోగలిగిన హోటల్ రూములు బుక్ చేయండి, 30,000 యూరోలకి తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, వీసాకి వెళ్లండి. వీసా చేతికొచ్చాకే డబ్బు తిరిగిరాని రైలు టికెట్లు కొనండి. సూపర్‌సేవర్ అనే చౌక టికెట్లు ఉంటాయి, ఎంచుకున్న ఆ రైలుకే చెల్లుతాయి, డబ్బు వాపసు రాదు. చౌకగా ఉన్నాయని వీసాకి ముందే కొనేసి ఇబ్బంది పడొద్దు.

పేరు విషయం అమ్మాయిలు ముఖ్యంగా వినండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని చట్టమేమీ లేదు. మార్చుకోవాలనుకున్నా హనీమూన్ ముందు హడావుడిగా వద్దు. పాస్‌పోర్ట్‌లో ఏ పేరుందో విమానం టికెట్, వీసా, ట్రావెల్ పాస్ అన్నీ అక్షరం పొల్లుపోకుండా అదే పేరుతో ఉండాలి. పాస్ మనిషి పేరు మీదే ఇస్తారు, టీసీ అడిగితే పాస్‌పోర్ట్ చూపించాలి. పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకుని వీసా ఫైల్లో పెట్టండి, పేర్లు వేరైనా ఇద్దరూ భార్యాభర్తలే అని అదే చెప్తుంది.

ఫోన్ సంగతి. ఎస్‌బీబీ యాప్ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. ప్లాట్‌ఫామ్ మారినా, రైలు లేటైనా అందులో వెంటనే తెలుస్తుంది. టికెట్ రైలు కదలకముందే కొనాలి, ఎక్కాక టీసీని చూసి కొంటే చెల్లదు, జరిమానా పడుతుంది. ఈసిమ్ కొనేటప్పుడు దేశాల లిస్ట్ చదవండి. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉంది కానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. కొన్ని యూరప్ ప్లాన్లలో అది ఉండదు. మన సిమ్ కూడా ఫోన్‌లోనే ఉంచి, మెసేజ్‌లు వచ్చేలా రోమింగ్ ఆన్‌లో పెట్టండి, కార్డు ఓటీపీ దానికే వస్తుంది. కార్డులో విదేశీ లావాదేవీలు ఇక్కడున్నప్పుడే బ్యాంక్ యాప్‌లో ఆన్ చేసుకోండి. ఇంకా, ఇద్దరి టికెట్లూ ఒకరి ఫోన్‌లోనే ఉంచకండి. ఆ ఫోన్ చార్జింగ్ అయిపోతే ఇద్దరూ టికెట్ లేనివాళ్లే. ఒకరే అన్నీ చూసుకుంటే ఇంకొకరు ప్రతి స్టేషన్‌లో "ఇప్పుడెటు?" అని అడగాల్సి వస్తుంది, అది రెండోరోజుకే విసుగు పుట్టిస్తుంది. నా మాట విని రోజు మార్చి రోజు దారి చూసే పని మార్చుకోండి.

ప్లాట్‌ఫామ్ మీద గమనించాల్సినవి రెండు. ఇంటర్‌లాకెన్‌లో స్టేషన్లు రెండు, వెస్ట్ ఒకటి, ఓస్ట్ ఒకటి. ఓస్ట్ అంటే తూర్పు. లూసర్న్ నుంచి వచ్చే రైలు ఓస్ట్‌కి వస్తుంది, గ్రిండెల్‌వాల్డ్, లౌటర్‌బ్రున్నెన్ రైళ్లు కూడా అక్కడి నుంచే. హోటల్ ఏ స్టేషన్‌కి దగ్గరో ముందే చూసుకోండి. రెండోది, ఓస్ట్ నుంచి పైకి వెళ్లే రైలు త్స్వైలూట్షినెన్ అనే చిన్న స్టేషన్ దగ్గర రెండుగా విడిపోతుంది. సగం పెట్టెలు లౌటర్‌బ్రున్నెన్‌కి, సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. పెట్టె మీద బోర్డు చూసి ఎక్కాలి. సీట్లు లేవని ఒకరు ఈ పెట్టెలో ఇంకొకరు ఆ పెట్టెలో కూర్చున్నారనుకోండి, కొత్త జంట రెండు వేర్వేరు లోయల్లో తేలుతుంది. నవ్వకండి, ప్లాట్‌ఫామ్ మీద ఏ, బీ, సీ, డీ అని అక్షరాలు రాసేది అందుకే, మీ పెట్టె ఎక్కడ ఆగుతుందో ముందే తెలియడానికి.

సామాను తక్కువ పెట్టండి. రైలు మారడానికి ఒక్కోసారి ఐదారు నిమిషాలే ఉంటుంది, కూలీలు ఉండరు. మనిషికి ఒక చిన్న చక్రాల పెట్టె, ఒక బ్యాక్‌ప్యాక్, అంతే. ఇంట్లోవాళ్లు ఆవకాయ, పొడులు కడతారు, పట్టుకెళ్లండి, కాస్త గట్టిగా మూత బిగించి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, మన దేశం నుంచి పాల, మాంసం సరుకులు అక్కడికి తీసుకెళ్లనివ్వరు. ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసేస్తారు, పెద్ద స్టేషన్ల లోపల ఉన్నవి తెరిచి ఉంటాయి. నీళ్ల సీసాలు కొనక్కర్లేదు, కుళాయి నీళ్లే తాగొచ్చు.

తిరుగు ప్రయాణం రోజు విమానం మధ్యాహ్నం తర్వాత అయితే ఇంటర్‌లాకెన్ నుంచి నేరుగా రావచ్చు, విమానాశ్రయానికి రెండు గంటల పైచిలుకు. పొద్దున విమానమైతే చివరి రాత్రి జ్యూరిక్‌లో పడుకోండి, ఇంటర్‌లాకెన్ నాలుగు రాత్రుల్లో ఒకటి తగ్గించైనా సరే. ప్యారిస్ కూడా కలుపుకోవాలనుకునేవాళ్లకి రైలు నాలుగు గంటలు, రిజర్వేషన్ తప్పనిసరి, వీసా ఎక్కువ రాత్రులుండే దేశం నుంచి తీసుకోవాలి. దాని గురించి వివరంగా వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండీ.